పోటునీటి తలుపులకి రంగు

రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యానంటే చాలామంది గోడల రంగులే అనుకుంటారు. మా చుట్టాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు హాలుకి ఏ రంగు బాగుంటుందని ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. నాకు తెలీదండీ అంటే బడాయి అనుకుంటారు. నిజంగానే తెలీదు. నా ఉద్యోగమంతా ఇనుముకి తుప్పు పట్టకుండా చూడడంలోనే గడిచింది. ఆ పనిలో రంగు అందంగా ఉందా అని ఎవరూ అడగరు, ఊడిందా లేదా అనే అడుగుతారు.

ఈ మధ్య భీమవరంలో ఒక ఇంజినీరింగు కాలేజీ వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. పాలిమర్ల మీద ప్రాజెక్టు చేస్తున్న ఒకమ్మాయి లేచి, నేను చేసినవాటిలో ఇది ఫలించదేమో అని నేను భయపడిన పని ఏదని అడిగింది. మంచి ప్రశ్న. అప్పటికే భోజనాల వేళ అయిపోవడంతో రెండు ముక్కల్లో తేల్చేశాను. ఆ అమ్మాయి మొహం చూస్తే సరిపోలేదని తెలుస్తూనే ఉంది. అందుకే మిగతాది కూర్చుని రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. కాకినాడ ఊరి బయట మాది చిన్న ఫ్యాక్టరీ. రెడాక్సైడు, పడవలకి వేసే నల్లరంగు, ఫ్యాక్టరీల్లో పైపులకి వేసే ఎపాక్సీ రంగు మా సరుకు. ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రెజిన్, రెండోదాంట్లో హార్డెనర్. రెండూ కలిపితేనే గట్టిపడుతుంది. లేబొరేటరీ అంటే రేకుల షెడ్డులో ఒక మూల అద్దాలు బిగించిన గది. అందులో ఇద్దరం, నేనూ మా సీనియర్ కెమిస్టు గారూ. ఆయన విశాఖపట్నంలో ఓడల రంగుల మీద చాలాకాలం పనిచేసి, అత్తవారి ఊరని కాకినాడ వచ్చి స్థిరపడ్డారు. నెమ్మదైన మనిషి. మనం తప్పు చేస్తే ఒక్క మాట అనరు, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ కూర్చుంటారు. అంతకంటే రెండు తిట్లు తిడితే బాగుండుననిపించేది.

మా యజమాని స్వభావం ఆయనకి పూర్తిగా భిన్నం. రంగుల కొట్టుతో మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా వచ్చినాయన. గొంతు పెద్దది, కోపం వెంటనే వస్తుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. ఆడపిల్లని లేబొరేటరీలో పెట్టుకున్నందుకు తోటి వ్యాపారులు ఆయన్ని ఆటపట్టించేవారట. మా అమ్మాయి చూసి పంపిన డబ్బా ఒక్కటైనా వెనక్కి వచ్చిందేమో చెప్పండి అని వాళ్లని ఎదురు అడిగేవారట. నాకీ సంగతి చాలా ఏళ్ల తరవాత తెలిసింది. నా ఎదురుగా మాత్రం ఎప్పుడూ మెచ్చుకుని ఎరగరు.

సరిగ్గా అలాంటి డబ్బాయే ఒకటి వెనక్కి వచ్చింది, డబ్బాగా కాదు, పెచ్చుగా. కోనసీమ చివర నుంచి నీటిపారుదల సెక్షన్ ఇంజినీరు ఒకాయన పొద్దున్నే వచ్చారు. నాకంటే చిన్నవాడు. కాగితంలో చుట్టి తెచ్చిన రంగు పెచ్చు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అరచేయంత ఉంది. వేయించిన అప్పడంలా వంకర తిరిగింది. మా ఎపాక్సీయే.

ఆయన చెప్పింది ఇదీ. సముద్రానికి దగ్గర్లో, మురుగు కాలువ ఏటిపాయలో కలిసేచోట ఒక స్లూయిస్ ఉంది. పొలాల్లో నీళ్లు ఎక్కువైనప్పుడు దాని షట్టర్లు ఎత్తి బయటికి వదులుతారు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు వెనక్కి తన్నకుండా దించేస్తారు. ఊళ్లోవాళ్లు వాటిని షట్టర్లు అనరు, తలుపులంటారు. పాత తలుపులు తుప్పుకి చిల్లులుపడి, ఏళ్ల తరబడి ఉప్పునీరు లోపలికెక్కి, కింది పొలాలు చవుడు బారిపోయాయి. రైతులు ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా కొత్త తలుపులు వచ్చాయి. వాటికి పెద్ద కంపెనీల రంగు కాకుండా మన జిల్లాలో తయారైంది కదా అని ఈ ఇంజినీరు గారే పైవాళ్లని ఒప్పించి మా రంగు వేయించారు. ఒక్క వర్షాకాలం గడిచింది.

మా యజమాని వెంటనే పెయింటర్ల మీదికి నెట్టేశారు. ఇంజినీరు గారు నొచ్చుకోకుండానే జవాబు చెప్పారు. "పెయింటర్లదే తప్పయితే నాకూ సుఖమేనండి. కానీ తలుపు పైభాగం బాగానే ఉంది. నీళ్లలో మునిగి తేలే భాగమే ఊడుతోంది. రెండూ ఒక్క చేత్తో వేసినవే."

మర్నాడే నేను బయల్దేరాను. బస్సులు మారి, చివర వాళ్ల ఆఫీసు జీపులో స్లూయిస్ దగ్గరికి చేరేసరికి పాటు వేళయింది. నీరు తగ్గి తలుపుల కిందిభాగం బయటపడింది. నిలువునా ఎర్రటి చారలు. దగ్గరికి వెళ్లి గోరుతో ఒక పొక్కు చిదిపితే లోపల నీళ్లు. రంగు అరిగిపోలేదు, పలచబడలేదు. గట్టిగా గాజుపెంకులా ఉండి, ఆ గట్టిదనంతోనే ఊడొచ్చేస్తోంది. ఇంకో సంగతి గమనించాను. కొన్నిచోట్ల ఇనుము దాకా ఊడింది. అది రేకు బలం కోసం ఇనుప బద్దీలు వెల్డింగు చేసిన అంచుల దగ్గర. మిగతాచోట్ల అడుగు కోటు ఉంది, పై కోటు మాత్రమే పొరలా లేచింది. అంటే రోగం ఒకటి కాదు, రెండు.

నీటి సంఘం ప్రెసిడెంటు గారు నా వెనకే నిలబడి చూస్తున్నారు. అరవై దాటిన రైతు, పలచటి మనిషి. స్లూయిస్‌కి ఆనుకుని ఉన్న పొలం ఆయనదే. అందులో తుంగ తప్ప ఏమీ మొలవడం లేదు. ఆయన నన్ను నిష్ఠూరంగా ఏమీ అనలేదు. "మళ్లీ కొత్త తలుపులు అడిగే ఓపిక మా ఊరికి లేదమ్మా. అడిగినవాళ్లలో సగంమంది పోయారు కూడాను. ఇవి నిలబెట్టే ఉపాయం ఉంటే చెప్పండి, లేదంటే లేదని చెప్పండి" అన్నారు. ఉందని చెప్పాను. అప్పటికి నాకేమీ తెలీదు. ఆ తుంగ చూస్తూ లేదని చెప్పడానికి నోరు రాలేదు.

పెచ్చులు తెచ్చి మా సీనియర్ గారి ముందు పెట్టాను. ఆయన పొరలా లేచిన పెచ్చుని వెనక్కి తిప్పి, వేలితో రాసి, "దీనికి చెమట పట్టింది" అన్నారు. పెయింటర్ల భాషలో చెమటంటే ఏంటంటే, గాలిలో తేమ బాగా ఎక్కువైతే హార్డెనర్ పూర్తిగా కలిసిపోకుండా కొంత పైకి తేలి, రంగు మీద కంటికి కనిపించని జిడ్డులా పేరుకుంటుంది. దాని మీద ఇంకో కోటు వేస్తే పట్టదు. సముద్రం పక్కన తేమకేం తక్కువ? హార్డెనర్ మార్చాలి, నిదానంగా పనిచేసే రకం వాడాలి, అంతే అని ఆయన తేల్చారు.

నాకది సగమే అనిపించింది. తలుపు గోడలా కదలకుండా ఉండదు. పోటు వచ్చినప్పుడల్లా అటునుంచి నీరు తోస్తుంది, పాటులో ఇటునుంచి. రేకు కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది. రంగు వంగలేదు, అంచుల దగ్గర పగులుతుంది. ఆ పగుల్లోంచి ఉప్పునీరు. కాబట్టి ఎపాక్సీలో వంగే గుణం ఉన్న పాలిమర్ ఏదైనా కలపాలని నేనన్నాను. తేనెలా చిక్కగా ఉండే రబ్బరు పాలిమర్ ఒకటి బొంబాయిలో ఒక డీలరు దగ్గర దొరుకుతుందని పత్రికల్లో చదివి ఉన్నాను.

"మెత్తబడ్డ రంగు నీళ్లు తాగుతుందమ్మా. గట్టిగా ఉండడమే దాని రక్షణ" అన్నారాయన. కళ్లజోడు మాత్రం తియ్యలేదు. కాబట్టి ప్రయత్నించవచ్చని నేను అర్థం చేసుకున్నాను.

రబ్బరు వచ్చింది. నేను దాన్ని రెజిన్‌లో వేసి బాగా గిలక్కొట్టి, రేకు ముక్కల మీద పూసి, ఆరాక వంచి చూశాను. పగల్లేదు. ఉప్పునీటి ఆవిరి పెట్టెలో వారాల తరబడి ఉంచాను. తుప్పు లేదు. నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. మా యజమాని డబ్బాల మీద పేరు కూడా ఆలోచించడం మొదలుపెట్టారు. సీనియర్ గారు ఒక్కరే, పెట్టెలో పెట్టింది చాలు, ఏటిలో వేలాడదియ్యి అన్నారు. తన కొత్త హార్డెనర్‌తో చేసిన రేకులు కూడా పక్కనే కట్టించారు. పందెం ఏమీ కాదు, ఆయన పద్ధతే అంత, ఏది చెప్పినా తనమీదా పరీక్ష పెట్టుకునేవారు.

కొన్ని నెలల తరవాత తీయిస్తే, ఆయన రేకుల మీద పొరలు లేవలేదు గానీ వంపుల దగ్గర పగుళ్లున్నాయి. నా రేకుల మీద పగుళ్లు లేవు గానీ గోరుతో నొక్కితే గుంట పడుతోంది, ఉప్పునీటిలో పెరిగే గుల్లలు అతుక్కున్నచోట రంగు లోపలికి తినేసి ఉంది. ఆయన అన్నంత పనీ అయింది. నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం ఆయన నా రేకుని చాలాసేపు చూసి ఒక మాట అన్నారు. "నువ్వు కలిపావు గానీ అది కలవలేదు. రెజిన్ పక్కన ఊరికే కూచుంది. కూచోడం కాదు, దానికి బంధం పడాలి." ఆ ఒక్క మాట పట్టుకుని నేను మళ్లీ మొదలుపెట్టాను. రబ్బరుని చల్లగా కలపకూడదు. రెజిన్‌లో వేసి ముందే ఉడికించాలి, రెండూ రసాయనికంగా ఒకదాన్నొకటి పట్టుకునేదాకా. రబ్బరు పాళ్లు కూడా బాగా తగ్గించాలి.

ఫ్యాక్టరీలో చిన్న కెటిల్ ఒకటి ఉండేది, రెజిన్లు వండేందుకు. అందులో వండాను. వేడి చేతికి అందకుండా పెరిగిపోయింది. చూస్తుండగానే కలిపే కడ్డీ మెల్లగా తిరిగి, తిరిగి, ఆగిపోయింది. కెటిల్ నిండా గోధుమరంగు రాయి. మూత తీసి చూసిన యజమాని గారు కెటిల్ వైపు, నా వైపు, మళ్లీ కెటిల్ వైపు చూశారు. ఆయన గొంతు ఆ రోజు రేవు దాకా వినబడి ఉంటుంది. పెళ్లి చేసుకుని వంట నేర్చుకోమని కూడా అన్నారు. అది మాత్రం నాకు బాగా గుచ్చుకుంది. ఏమండీ, వంట నాకు బాగానే వచ్చు, ఇది మాత్రం మళ్లీ చెయ్యాలి అన్నాను. ఉలీ సుత్తీ తెచ్చుకుని కెటిల్‌లోకి వంగి కొట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి పక్కన ఇంకో సుత్తి చప్పుడు వినిపించింది. పంచె ఎగ్గట్టి సీనియర్ గారు. వారమంతా ఇద్దరం తీరిక దొరికినప్పుడల్లా అదే పని. మధ్యలో ఒకసారి యజమాని గారు వచ్చి నిలబడి, టీ తెప్పించి వెళ్లిపోయారు. దాన్ని మేం అనుమతి కింద లెక్కేసుకున్నాం.

రెండోసారి మంట దగ్గర్నుంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడే తిన్నాను. ఈసారి ఉడికింది. హార్డెనర్‌గా సీనియర్ గారు ఎంచిన రకమే కలిపి, రంగుపొడులేమీ వెయ్యకుండా గాజుపలక మీద పోసి ఆరబెట్టాం. మామూలుగా గాజులా ఆరే ఎపాక్సీ పాలలా తెల్లబారింది. యజమాని గారు అది కూడా పాడైందనుకుని మొహం తిప్పుకున్నారు. సీనియర్ గారు మాత్రం పలకని వెలుతురుకి ఎత్తిపట్టి నవ్వారు. రబ్బరు సన్నటి చుక్కలై, గట్టి ఎపాక్సీ అంతటా పరుచుకుని నిలిచిందన్నమాట. గట్టిదనం గట్టిదనంగానే ఉంటుంది, పగులు మొదలైతే ఆ చుక్కల దగ్గర ఆగిపోతుంది. ఆ రేకులు ఏటిలో వర్షాకాలమంతా వేలాడాయి. తీసినప్పుడు గుల్లలు గీకేస్తే కింద రంగు అలాగే ఉంది.

అయితే రేకుముక్క వేరు, తలుపు వేరు. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడే తలుపుల పని చెయ్యడానికి వీలు. తలుపులు పైకెత్తి పనిచేస్తున్నంతకాలం ఏటి నీటికి అడ్డంగా ఇసక బస్తాలతో గట్టు కట్టాలి. ఆ గట్టు మామూలు పోట్లకి ఆగుతుంది గానీ పున్నమి పోటుకి చెప్పలేమని ఇంజినీరు గారు ముందే హెచ్చరించారు. పున్నమిలోపు పాత రంగు ఇసకతో కొట్టి తీసెయ్యాలి, మూడు కోట్లు వెయ్యాలి, ఆరాలి, తలుపులు దిగాలి. దానికి తగ్గట్టే అన్నీ చూసుకున్నాం. ఇనుము వెండిలా మెరిసేదాకా గీకించాం. మొదటి కోటు పడింది. నేనూ, యజమాని గారూ అక్కడే ఊళ్లో మకాం. సీనియర్ గారికి దుమ్ము పడక కాకినాడలోనే ఉండిపోయారు.

రెండో కోటు వెయ్యాల్సిన ముందురోజు సాయంత్రం మబ్బు పట్టి జల్లు కొట్టింది. పొద్దున్నకి వాన లేదు, గాలి మాత్రం తడిగుడ్డలా ఉంది. పెయింటర్లు డబ్బాలు విప్పుతున్నారు. నేను తలుపు మీద అరచెయ్యి వేసి లాగాను. వేళ్లు జారాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే హార్డెనర్ వాసన. చెమట. ఈ కొత్త హార్డెనర్‌కి చెమట తగ్గుతుందనుకున్నాం, అసలు పట్టదని ఎవరూ అనలేదు.

పని ఆపమన్నాను. గోరువెచ్చటి సబ్బునీళ్లతో తలుపులన్నీ తోమి, మంచినీళ్లతో కడిగి, ఆరాక గానీ రెండో కోటు పడకూడదని చెప్పాను. అంటే ఆ రోజు పోయినట్టే. పున్నమి ముంచుకొస్తోంది. యజమాని గారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడారు. ఆయన గొంతు తగ్గిస్తే భయపడినట్టు. పై కోటు పడితే అన్నీ కప్పుకుపోతాయని, గట్టు తెగితే నింద మనమీదే పడుతుందని, పిల్లలున్న ఫ్యాక్టరీ ఇదని అన్నారు. పిల్లలంటే మేమే, పనివాళ్లం.

ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి సీనియర్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "నువ్వు చేత్తో తాకావు, నేను తాకలేదు. నీకేం తోస్తే అది చెయ్యి. తరవాత ఎవరడిగినా నేను కూడా అలాగే చెప్పానని చెప్పు" అన్నారు.

వెనక్కి వచ్చేసరికి ఇంజినీరు గారు గట్టు మీదే ఉన్నారు. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడం, ఈ గట్టు పున్నమి పోటుకి ఆగుతుందని నేను రాసివ్వలేను. రంగు నిలబడుతుందని మీరు రాసిస్తారా?" అని అడిగారు.

"కడగకుండా వేస్తే ఊడుతుందని మాత్రం రాసిస్తాను" అన్నాను.

నీటి సంఘం ప్రెసిడెంటు గారు అంతవరకూ ఒక బస్తా మీద కూర్చుని వింటున్నారు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "గట్టు సంగతి మాకొదిలెయ్యండి. మీరు కడుక్కోండి" అని ఊళ్లోకి నడిచారు.

కాసేపటికి ఊరు కదిలింది. ట్రాక్టర్ల మీద బస్తాలు, కొబ్బరి దుంగలు, పారలు. మగవాళ్లంతా గట్టు మీద పడ్డారు. పెళ్లిళ్లలో వంటకి వాడే గుండిగలు తెచ్చి కాలువ పక్కనే పొయ్యిలు పెట్టి నీళ్లు కాచారు. బస్తాలు మొయ్యడానికొచ్చిన ఆడవాళ్లతో కలిసి నేనూ చీర దోపుకుని పరంజా ఎక్కాను. కొబ్బరి పీచుతో తోమాం. ఒకసారి కడిగాక చెయ్యి వేసి చూసి, ఇంకా జారుతుంటే మళ్లీ కడిగించాను. మూడో తలుపు దగ్గర ఒకావిడ, పెళ్లికూతురికైనా ఇన్నిసార్లు నలుగు పెట్టరమ్మా అంది. అందరం నవ్వాం. కింద చూస్తే మా యజమాని ప్యాంటు మడిచి బకెట్లు అందిస్తున్నారు. ఎవరూ ఆయన్ని అడగలేదు.

మర్నాడు గాలి తిరిగింది, ఎండ కాసింది. రెండో కోటు పడింది. ఆ మరుసటి రోజు చెయ్యి వేసి చూస్తే జిడ్డు లేదు, మూడోది మొదలుపెట్టాం. అదే అసలు రోజు. పోటు ఎక్కుతోంది. గట్టు అడుగు నుంచి నీరు ఊటలా రావడం మొదలైంది. మొదట చెమ్మ, తరవాత పిల్లకాలువ. ఆయిలింజన్లు పెట్టి తోడుతున్నా లోపల నీరు పెరుగుతూనే ఉంది. పెయింటర్లు ఒక్కొక్క తలుపూ ముగించి పక్కదానికి మారుతున్నారు. ఇంజినీరు గారు నా వైపు చూస్తారు, నేను పెయింటర్ల వైపు చూస్తాను. మధ్యాహ్నానికి చివరి తలుపు మిగిలింది. పైసగం అయింది. కింద అంచు దాకా ఇంకో గంట ఉంటే అయిపోయేది.

గట్టులో ఒక మూల బస్తాలు కూర్చున్నాయి. ప్రెసిడెంటు గారు, ఆయనతో పదిమందీ దిగి అడ్డం నిలబడి దుంగలు పాతుతున్నారు. ఆయన మొలలోతు నీళ్లలోంచి మా వైపు తిరిగి చూసి, ఇంకొంచెం సేపు ఆపగలమన్నట్టు చెయ్యెత్తారు. ఇంజినీరు గారు ఒక్క క్షణం చూసి, తలుపులన్నీ దించమన్నారు. ఆయన చేసింది సరైన పనే. మనుషులు నీళ్లలో ఉన్నారు. కింద అంచుకి మూడో కోటు పడకుండానే, రంగు పూర్తిగా ఆరకుండానే, చివరి తలుపు కూడా నీళ్లలోకి దిగింది. నేను పెయింటరు చేతిలో బ్రష్షు వైపు చూస్తూ ఉండిపోయాను. చీకటి పడకముందే గట్టు ఆ మూల తెగింది. తలుపులు దిగి ఉన్నాయి కాబట్టి ఉప్పునీరు వాటి దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడాదంతా నాకు ఆ అంచే కళ్లలో మెదిలేది. మళ్లీ ఎండాకాలం కాలువలు కట్టాక సీనియర్ గారిని కూడా తీసుకుని వెళ్లాను. తలుపులెత్తి గుల్లలు గీకించాక, ఇంజినీరు గారు సుత్తీ ఉలీ నా చేతికిచ్చి, మీరే చూసుకోండి మేడం అన్నారు. అంచుల దగ్గర, వెల్డింగు దగ్గర, ఎక్కడెక్కడ ముందు పెచ్చులు లేచాయో అక్కడల్లా కొట్టాను. ఇనుము మీద సొట్ట పడింది, రంగు సొట్టతో పాటు లోపలికి వంగింది. ఊడలేదు. చివరి తలుపు కింద అంచున మాత్రం సన్నగా తుప్పు గీత. సీనియర్ గారు దాని ముందు గొంతుక్కూచుని వేలితో రాసి చూశారు.

"ఇది కోటు తక్కువై వచ్చింది. మిగతాదంతా నీదే గెలుపు" అన్నారు.

"హార్డెనర్ మీది కదండీ."

"అయితే ఇద్దరం కెటిల్ బాగా గోకినట్టే" అని, అప్పుడు తీశారు కళ్లజోడు, నా తప్పేమీ లేకుండానే మొదటిసారి.

ఆ అంచు అప్పుడే గీకించి బాగుచేశాం. తరవాత ఆ రంగు చాలా స్లూయిస్‌లకి, చేపల చెరువుల తూములకి వెళ్లింది. అన్నిచోట్లా నిలబడిందని చెప్పను. కడగడానికి ఎవరికి ఓపికుంటే అక్కడ నిలబడింది, డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా కడగనిచోట పొరలు లేచింది. ఇంకొన్నేళ్లకి పెద్ద కంపెనీలు తడి ఇనుము మీదైనా పట్టే రకాలు తెచ్చాయి. అవి మాదానికంటే మెరుగైనవే. ఇప్పుడు కాలేజీలో మీరు చదువుతున్నవి వాటికంటే మెరుగైనవి. చెయ్యి వేసి చూడడం మాత్రం మానకండి. పాలిమర్ మీరు చెప్పినట్టే వింటుందని పుస్తకంలో ఉంటుంది, ఆ రోజు గాలి ఎలా ఉందో పుస్తకంలో ఉండదు.

ఆఖరుసారి నేను ఆ స్లూయిస్‌కి వెళ్లింది దాళ్వా, అంటే రెండో పంట రోజుల్లో. గోదావరిలో నీరు తగ్గి, సముద్రం బాగా లోపలికి తోసుకొచ్చే కాలం. ఇంజినీరు గారు బదిలీ అయి చాన్నాళ్లయింది. ప్రెసిడెంటు గారు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. తలుపుల అవతల పోటు నిండుగా ఉంది. ఇవతల ఆయన పొలం. స్లూయిస్ గోడ దాకా వరి, అప్పుడే పొట్టకొస్తోంది. తుంగ ఎక్కడుండేదో నేను గుర్తుపట్టలేకపోయాను.

ఆయన గట్టు దిగి, పంట బోదెలోంచి దోసిలితో నీళ్లు తీసుకుని, తాగి చూడమన్నట్టు నా వైపు చాపారు. వంగి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మట్టివాసన తప్ప ఏమీ లేదు.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నారు.

"చప్పగా ఉన్నాయండి" అన్నాను.

కూర గురించో సినిమా గురించో అంటే ఎవరైనా చిన్నబుచ్చుకునే మాట. ఆయన మిగిలిన నీళ్లు చేలోకి వదిలేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఆ మాట ఇంకోసారి అనమన్నారు.